పాత సుమోను కోసి వ్యాన్ చేయమంటున్న మెసేజ్‌కు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: “పాత సుమోనో, బొలెరోనో, ఈకోనో కొనండి, చవకగా దొరుకుతుంది. వెనక రేకు కోసి, లోపలే పడుకుని వండుకునేలా ఎత్తుగా వ్యాన్ బాడీ కట్టించండి. పక్కల అక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటుతో కిటికీలు పెట్టి సిలికాన్‌తో అంటించండి. సొంత కారు కాబట్టి ఆర్టీవో అనుమతి అక్కర్లేదు. లప్పం పెట్టి రంగు కొడితే పదేళ్లు తుప్పు రాదు. ఫారిన్‌లో అందరూ ఇలాగే చేసుకుంటున్నారు.” చదవడానికి హాయిగానే ఉంది. పాత బండి చవకగా దొరుకుతుందన్న మాట నిజమే. మిగతావి ఒక్కొక్కటిగా చూద్దాం.

“సొంత కారు కాబట్టి అనుమతి అక్కర్లేదు.” 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మాట్లాడేదే యజమాని గురించి. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని తన బండిని మార్చకూడదు. మీ ఆర్సీ ఒకసారి తీసి చూడండి. బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ బండి బరువు అందులోనే ఉంటాయి. వెనక భాగం కోసి పెట్టె కట్టిస్తే మూడూ ఒక్క దెబ్బకు మారిపోతాయి. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణాన్ని మార్చడం కుదరదని తేల్చి చెప్పింది. రంగు లాంటి చిన్న మార్పులైతే చెప్పి ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. అదే ఏడాది సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. దాని ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. పై కప్పు ఒకటి, కిటికీలు ఒకటి, సీట్లు ఒకటి అని లెక్కగడితే ఎంతవుతుందో మీరే చూసుకోండి.

రోడ్డు మీద ఎవరూ ఆపరులే అనుకునేవాళ్లు ఇంకో విషయం మరిచిపోతున్నారు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, తర్వాత రెన్యువల్‌కు బండిని చూపించాలి. సుమో తయారీ ఆగిపోయిందే 2019లో. చవకగా దొరికే సుమోల్లో చాలావాటికి ఆ గడువు దగ్గర పడింది, కొన్నింటికి దాటిపోయింది కూడా. అక్కడ బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి ముందు కప్పు కోసేసిన సుమోను నిలబెట్టి ఏం చెబుతారు? యాక్సిడెంట్ జరిగి ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చినా ఎదురయ్యేది ఆ ప్రశ్నే. మన దేశంలో క్యారవాన్‌కు, అంటే లోపలే పడుకుని వండుకునే ఇలాంటి బండికి, చట్టబద్ధమైన దారి లేదని కాదు. మోటార్ క్యారవాన్ల కోసం ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం తెచ్చుకున్న నమూనాను కట్టే బిల్డర్ దగ్గరికి వెళ్లొచ్చు. మెసేజ్ రాసినవాళ్లకు ఆ ఊసే లేదు.

“కింద చాసిస్ ఉంది కదా, రేకు కోస్తే ఏమవుతుంది?” ఈ మాట మూడు బళ్లను ఒకే గాటన కట్టేసింది. సుమో, బొలెరోలకు కింద నిచ్చెన లాంటి చాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. ఈకో అలా కాదు. దానికి విడిగా చాసిస్ లేదు. నేల రేకు, పక్క స్తంభాలు, కప్పు కలిసే బరువు మోస్తాయి. ఈకో కప్పు కోస్తే ఆ బండికున్న ఎముకనే కోసినట్టు. చాసిస్ ఉన్న బండికైనా బోల్తా పడినప్పుడు లోపలివాళ్ల తలలను కాపాడేది పక్క స్తంభాలూ కప్పు కింద అడ్డంగా సాగే పట్టీలూ. సీటు బెల్టు పై కొస బిగించి ఉండేది కూడా ఆ స్తంభానికే. వాటి జోలికి పోకుండా, రెండు పట్టీల మధ్య ఖాళీ రేకులో కోసే కన్నం వేరు, “ఎత్తుగా బాడీ” వేరు. ఎత్తు పెరిగితే బరువు పైకి ఎక్కుతుంది, మలుపులో బండి పక్కకు వాలడం పెరుగుతుంది. పక్క నుంచి గాలి కొట్టే సముద్రపు రోడ్ల మీద ఆ తేడా స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలిసిపోతుంది.

కోసే పద్ధతిలోనూ మెసేజ్ చెప్పింది తప్పే. “గ్రైండర్‌తో పది నిమిషాల్లో” అంటారు. గ్రైండర్ వేడికి కోత పక్కనున్న రంగు, దాని కింద జింకు పూత ఉంటే అదీ మాడిపోతాయి. నిప్పురవ్వలు పక్క అద్దంలోకి దిగబడి చుక్కలు చుక్కలుగా మిగులుతాయి, ఎంత తుడిచినా పోవు. తెలిసిన టింకర్ ముందు నాలుగు మూలల్లో పెద్ద రంధ్రాలు వేసి, రంగు గీసుకోకుండా చుట్టూ టేపు అంటించి, జిగ్‌సాతో, అంటే పైకీ కిందికీ ఆడే చిన్న రంపపు మిషన్‌తో, నెమ్మదిగా కోస్తాడు. మూల గుండ్రంగా ఉండాలి. చతురస్రంగా కోసిన మూల దగ్గర బండి కుదుపుల ఒత్తిడంతా చేరి, కొన్నాళ్లకు రేకు అక్కడి నుంచే చీలడం మొదలవుతుంది.

“అక్రిలిక్ తేలిక, పగలదు, ఎక్కడైనా దొరుకుతుంది.” తేలికన్నది నిజం. చదరపు మీటరు గాజు 4 మిల్లీమీటర్ల మందంలో సుమారు 10 కిలోలు తూగితే, అంతే అక్రిలిక్ 5 కిలోల లోపు. పగలదన్నది మాత్రం అబద్ధం. పగలనిది పాలీకార్బొనేట్ అనే ఇంకో ప్లాస్టిక్. అక్రిలిక్ పగులుతుంది, పగిలితే పెద్ద పెద్ద కోసు ముక్కలవుతుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని బోర్డులు చేసే షాపులో షీటు కొనుక్కొస్తున్నవాళ్లు బోలెడుమంది. పాలీకార్బొనేట్‌కూ దాని తంటాలు దానికున్నాయి: పై పూత లేకపోతే ఒక్క దుమ్ము గుడ్డతోనే గీతలు పడుతుంది, ఎండకు పసుపెక్కుతుంది, పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడిస్తే సన్నని పగుళ్లు లేస్తాయి.

అసలు చిక్కు వ్యాకోచం దగ్గర. అక్రిలిక్ వేడికి ఉక్కు కన్నా దాదాపు ఆరు రెట్లు సాగుతుంది. మీటరు పొడవున్న షీటు తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర ఉండి, రెంటచింతల లాంటి చోట మే నెల మధ్యాహ్నం ఎండలో 60కి చేరిందనుకోండి. షీటు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, చుట్టూ ఉన్న రేకు అర మిల్లీమీటరు కూడా పెరగదు. రోజుకోసారి రెండు మిల్లీమీటర్ల ఈ గుంజులాట. స్క్రూలతో బిగించేస్తే షీటు స్క్రూ రంధ్రం దగ్గరే పగులుతుంది, గట్టిగా అంటిస్తే అతుకు ఊడుతుంది. యూరప్ క్యారవాన్లలో అక్రిలిక్ కిటికీలు ఉన్నమాట నిజమే. అవి రెండు పొరలతో, కదలడానికి సందు వదిలిన ఫ్రేముతో, ఆ పని కోసమే పరీక్షకు పెట్టి ముద్ర వేయించుకున్న కిటికీలు. షీటు కోసి అంటించినవి కావు.

మన నిబంధనలు కూడా దీనికి ఒప్పుకోవు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం బండికి వేసేది ప్రమాణాలకు తగిన భద్రతా అద్దమో, భద్రతా గ్లేజింగో (ప్లాస్టిక్ పొర కలిసిన అద్దం లాంటిది) అయి ఉండాలి. ముందద్దం తప్పనిసరిగా లామినేటెడ్, అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. లోపల పడుకుంటాం కాబట్టి నల్ల ఫిల్ము వేసేస్తాం అనేవాళ్లకూ ఈ లెక్కే జవాబు. మీ కారు అద్దం మూలలో చూడండి, ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 2553 అన్న నంబరు కనిపిస్తాయి. బోర్డుల షాపు షీటు మీద అవి ఉండవు.

ఇదే మెసేజ్‌కు తోకగా ఇంకొకరు చేర్చిన సలహా ఉంది: “స్క్రాపులో పాత బస్సు పక్కద్దం కొని సైజుకు కోయించుకోండి.” కుదరదు. పక్కద్దం మామూలుగా టెంపర్డ్ గాజు. దాన్ని ముందు సైజుకు కోసి, అంచులు అరగదీసి, ఆ తర్వాత 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. అలా లోపల బిగిసిపోయిన ఒత్తిడే దాని బలం. తర్వాత కోయబోతే మొత్తం పలుకులు పలుకులుగా రాలిపోతుంది. మీ కొలతకు కొత్తగా టెంపరింగ్ చేయించుకోవాలి, లేదంటే చదునైన లామినేటెడ్ అద్దాన్ని కోయించుకోవాలి. లామినేటెడ్‌ను రెండు వైపులా గీసి, మధ్య పొరను తెంపి కోయవచ్చు. ఏది వేసినా ముద్ర చూసే తీసుకోవాలి. ఇంకో మాట: సుత్తితో మూలన కొడితే టెంపర్డ్ రాలిపోతుంది కానీ లామినేటెడ్, పాలీకార్బొనేట్ రాలవు. లోపల గ్యాసు స్టవ్ పెట్టుకుని పడుకునేవాళ్లు, తెరిచి బయటపడగల కిటికీ ఏదో ముందే చూసుకోవాలి.

“సిలికాన్ చాలు, దేన్నైనా అంటిస్తుంది.” బాత్రూముకు వాడే సిలికాన్ పూసేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది కదా, అది ఆరేటప్పుడు వదిలే ఎసిటిక్ ఆమ్లం. పచ్చి రేకు అంచుకు అది తగిలితే తుప్పుకు పునాది పడినట్టే. దానికి తోడు, ఒకసారి సిలికాన్ అంటిన చోట రంగు నిలవదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది. పెయింటర్లు బండి దగ్గర సిలికాన్ ట్యూబు చూస్తే కేకలు వేసేది అందుకే. అద్దం అంటించడానికి వాడేది పాలీయురెథేన్ జిగురు. గాలిలోని తేమతో గట్టిపడుతుంది, అద్దానికీ రేకుకూ వేర్వేరు ప్రైమర్లు కావాలి.

ఆ జిగురుకు ఎండ పడదు. కంపెనీ అద్దం అంచున నల్ల పట్టీ కనిపిస్తుందే, అది అలంకారం కాదు, వెనకున్న జిగురును సూర్యకాంతి నుంచి కాపాడే పింగాణీ పూత. మామూలు అద్దం కోయించి వేసుకుంటే ఆ పట్టీ ఉండదు. కాబట్టి నల్ల ప్రైమర్‌తో గానీ బయట బీడింగ్‌తో గానీ ఆ అంచును కప్పాలి. జిగురు పట్టు కూడా దాని కింది రంగు పట్టు ఎంతో అంతే: స్ప్రే డబ్బాతో కొట్టిన రంగు మీద అంటిస్తే జిగురు రంగును పట్టుకునే ఉంటుంది, ఆ రంగే రేకును వదిలేస్తుంది. చేతిపనితో కిటికీ పెట్టుకునేవాళ్లకు నా ఓటు రబ్బరు బీడింగ్‌కే. బీడింగ్ గాడిలో తాడు దూర్చి, అద్దాన్ని బయటి నుంచి ఆనించి, లోపలి నుంచి తాడు లాగుతూ పోతే రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. పాత లారీ అద్దాలు వేసినవాళ్లెవరైనా చేసి చూపిస్తారు. అద్దం పగిలితే మార్చడం తేలిక. ఒక్క షరతు, రేకు అక్కడ చదునుగా ఉండాలి. కారు పక్క భాగం మామూలుగా కాస్త వంపు తిరిగి ఉంటుంది. చదును అద్దాన్ని వంపు రేకులో బలవంతంగా ఇరికిస్తే మూలల్లో సందు మిగిలి నీళ్లు దిగుతాయి. ముందు చదునైన ఫ్రేము చేయించాలి.

“ఫారిన్‌లో అందరూ చేసుకుంటున్నారు.” చేసుకుంటున్నారు, చేశాక తనిఖీకీ తీసుకెళ్తున్నారు. జర్మనీలో కప్పు కోసి లేపుడు కప్పు పెడితే, కోసిన చోట ఉక్కు ఫ్రేము వేసి, పరీక్షించే సంస్థకు చూపించి, బండి కాగితాల్లో ఎక్కించుకోవాలి. బ్రిటన్‌లో కాగితాల మీద మోటార్ క్యారవాన్ అనిపించుకోవాలంటే బయటికి కనిపించే లక్షణాల జాబితా ఒకటుంది: ఒక పక్కనైనా కనీసం రెండు కిటికీలు, నివసించే భాగానికి విడి తలుపు, చివరికి పక్కల క్యారవాన్ తరహా బొమ్మలు కూడా. ఆ బొమ్మల నియమం చూస్తే నవ్వొస్తుంది కానీ, అక్కడ ఎవరి ఇష్టం వాళ్లదన్న మాట మాత్రం నిజం కాదని తేలిపోతుంది.

ఇక లప్పం, “పదేళ్లు తుప్పు రాదు.” పాలియెస్టర్ లప్పం నీళ్లను పీలుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పల్లం సరిచేయడానికి పనికొస్తుంది కానీ, వెల్డింగ్ వేడికి వంకరపోయిన రేకు మీద వేలు మందాన మెత్తితే కుదుపులకు పెచ్చులూడుతుంది. కారు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఏకబిగిన వెల్డింగ్ చేస్తే అలలు తేలుతుంది. అక్కడో చుక్క ఇక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్య సందులు నింపుకుంటూ రావాలి. ఆ ఓపిక ఉన్నచోట లప్పం అవసరమే తగ్గుతుంది. తుప్పు మొదలయ్యేది బయట మెరిసే వైపు కాదు, వెల్డింగ్‌కు రంగు కాలిపోయిన వెనక వైపున, రెండు రేకుల మధ్య సందులో. కాకినాడ, విశాఖ గాలికి అది మరీ త్వరగా వస్తుంది. కోసిన అంచుకు జింక్ ప్రైమర్, సందు లోపలికి మైనపు స్ప్రే, కోతలో రాలిన ఇనుప రజను అదే రోజు అయస్కాంతంతోనో వ్యాక్యూమ్‌తోనో ఏరేయడం, ఇవన్నీ ప్లైవుడ్ లోపల వేయకముందే జరగాలి. ఏ షెడ్డులో చేయించినా, ప్లైవుడ్ కొట్టే ముందు లోపలి వైపు చూపించమని అడగండి. బయట రంగు ఎంత బాగున్నా, లోపల అతుకు మాడిన నలుపుతో కనిపిస్తే మిగతా డబ్బు చేతిలో పెట్టకండి.