సవరణ: సుప్రా టర్బోల గురించి నేను రాసిన తప్పు

పాత టొయోటా సుప్రా నాలుగో తరం బండి కొని శక్తి పెంచుకోవాలనుకునేవారికి పోయిన వారం ఒక సలహా రాశాను. జపాన్‌లో అమ్మిన బండి అయినా అమెరికాలో అమ్మిన బండి అయినా ఇంజిన్ ఒకటే కాబట్టి చవకగా వచ్చే జపాన్ బండి తీసుకుని బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచుకోండని అందులో చెప్పాను. అది తప్పు.

రెండింటిలోనూ 2జేజెడ్-జీటీఈ ఇంజినే ఉంటుంది, నిజమే. ఇంజిన్ దిమ్మ అదే, టర్బోలు వేరు. జపాన్ బండిలో టర్బైన్ చక్రాలు (ఎగ్జాస్ట్ పొగ తోపుకు తిరిగేవి) సిరామిక్‌వి. తేలిక కాబట్టి త్వరగా తిరుగుతాయి, కానీ బూస్ట్ ఎక్కువైతే పగులుతాయి. అమెరికాకు వెళ్లినవాటిలో ఉక్కు చక్రాలు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు కూడా అక్కడ పెద్దవి: నిమిషానికి 440 సీసీకి బదులు 550. కంపెనీ లెక్కల్లో 280, 320 హార్స్ పవర్ అన్న తేడాను చూసి కూడా నాకు అనుమానం రాలేదు!

నా మాట నమ్మి బూస్ట్ పెంచిన ఒక మిత్రుడి బండికి ఎగ్జాస్ట్ గొట్టం విప్పి టార్చి వేసి చూశాం. ఇరుసు మొండిగా మిగిలింది, చక్రం లేదు. గొట్టం అడుగున పింగాణీ పెంకుల్లాంటి ముక్కలు. కొత్త టర్బో ఖర్చులో సగం నాదే.

జపాన్ బండి కొనవద్దని కాదు. బూస్ట్‌ను ఒక బార్ (గాలి ఒత్తిడి కొలత) దాటించే ఆలోచన ఉంటే టర్బోలు మార్చే ఖర్చును ముందే ధరలో కలుపుకోండి. ఐదు గేర్ల మాన్యువల్ కనిపిస్తే మాత్రం ఆగండి, అది చాలావరకు టర్బో లేని ఎస్‌జెడ్ రకమే అయి ఉంటుంది.