రైస్ పుల్లింగ్ నుంచి రగ్ పుల్లింగ్ దాకా

రాగి చెంబొకటి. దాని మీద పిడుగు పడిందని ఒక కథ. ఇనప రజను పట్టించిన గుప్పెడు బియ్యం, ఎక్కడో దాచిన అయస్కాంతం, యాంటీ రేడియేషన్ సూటు తొడుక్కున్న ఒక 'శాస్త్రవేత్త'. రైస్ పుల్లింగ్ అనే పరిశ్రమ నడపడానికి మన రెండు రాష్ట్రాల్లో ఇంత సరంజామా కావలసి వచ్చేది. లాడ్జిలో గది తీయాలి. సూటు ఎక్కణ్ణుంచో తేవాలి. శాస్త్రవేత్తకి రెండు పూటలా భోజనం పెట్టాలి. ఇంతా చేస్తే చివరికి ప్రెస్‌మీట్‌లో మొహానికి ముసుగేసుకుని, ముందు బల్ల మీద చెంబు పెట్టుకుని పోలీసుల పక్కన నిలబడాలి. పాపం, ఆ తరం కష్టజీవులు.

ఇప్పటి తరానికి చెంబుతో పనిలేదు. ఒక ల్యాప్‌టాప్, క్రిప్టో కరెన్సీ దాచుకునే ఒక వాలెట్, దాన్లో ఈథర్ అనే క్రిప్టో నాణెం కాస్త ఉంటే చాలు. మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే సాయంత్రం టీ వేళకి ఒక కరెన్సీకి జన్మనివ్వొచ్చు. రిజర్వు బ్యాంకు కూడా ఇంత తొందరగా ఏ పనీ చేయలేదు.

దీనికి వీలు కల్పించినవి డీసెంట్రలైజ్డ్ ఎక్స్ఛేంజీలు, అంటే మధ్యలో కంపెనీ లేకుండా ప్రోగ్రాములే నడిపే క్రిప్టో బజార్లు. 2018 నవంబరులో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద యూనిస్వాప్ వచ్చింది, 2020 సెప్టెంబరులో బైనాన్స్ వారి చెయిన్ మీద పాన్‌కేక్‌స్వాప్ వచ్చింది. మామూలు ఎక్స్ఛేంజీలో ఒక నాణెం లిస్టు కావాలంటే ఎవరో ఒకరు కాగితాలు చూడాలి, ఎవరో ఒకరు సరేననాలి. ఇక్కడ గేటూ లేదు, గేటు దగ్గర మనిషీ లేడు. ఎవరైనా ఏ టోకెన్‌కైనా, అంటే తాము పుట్టించిన ఏ నాణేనికైనా, దుకాణం తెరవొచ్చు. నిజం చెప్పాలంటే వాటి గొప్పతనం అదే. మంచి ప్రాజెక్టులు కూడా ఆ తలుపులోంచే వచ్చాయి. కాకపోతే 2021లో కొందరు పరిశోధకులు యూనిస్వాప్‌లోని టోకెన్లన్నీ జల్లెడ పట్టి, 10 వేలకు పైగా మోసపు టోకెన్లున్నాయని, మొత్తంలో అవి సుమారు సగమని తేల్చారు. ఆశావాదులు మిగతా సగాన్ని గమనించగలరు.

పరిశ్రమలో మొదటి ఘట్టం నామకరణం. బారసాలకి పంతులుగారిని పిలవాలి, టోకెన్‌కి ఆ ఖర్చూ లేదు. ఈఆర్‌సీ-20 అనే ప్రమాణం ప్రకారం టోకెన్ పేరు, సంకేతం అన్నవి ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేకపోవచ్చు. ఆ పేరు ఇంకెవరికీ ఉండకూడదన్న నిబంధన ఎక్కడా లేదు. కాబట్టి డాలరుతో సమానంగా చెలామణీ అయ్యే అసలు నాణెంలాగే 'టెథర్ యూఎస్‌డీ' అని పేరు, 'యూఎస్‌డీటీ' అని సంకేతం పెట్టి ఎవరైనా ఎన్నైనా పుట్టించొచ్చు. బొమ్మ కూడా అదే అతికించుకోవచ్చు. ఊళ్ళో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరుతో గుర్తుపడతాం కదా, ఇక్కడ ఇంటిపేరంటే కాంట్రాక్ట్ అడ్రస్, అంటే ఆ టోకెన్‌ని నడిపే ప్రోగ్రాము చిరునామా. సున్నా, ఎక్స్, ఆ తర్వాత 40 అక్షరాలు. అంత పొడుగు ఇంటిపేరు ఎవరు చదువుతారని పారిశ్రామికవేత్త ధీమా, ఆ ధీమా చాలాసార్లు వమ్ము కాదు.

ఇక అసలైన కళ లెక్కల్లో ఉంది. నిదానంగా చూడాలి.

మన పారిశ్రామికవేత్త 100 కోట్ల టోకెన్లు ముద్రించాడనుకుందాం. వాటిలో 10 లక్షలు, వాటికి జతగా 10 ఈథర్ ఒక పూల్‌లో, అంటే కొనడం అమ్మడం జరిగే ఉమ్మడి గల్లాలో, పోశాడు. మిగిలిన 99.9 కోట్లు జేబులో పెట్టుకున్నాడు. పూల్‌లో ఉన్న రెండు సంఖ్యల లబ్ధం మారకూడదన్నదే యూనిస్వాప్ సూత్రం. 10ని 10 లక్షలతో గుణిస్తే కోటి. ఇప్పుడొక బకరా, క్షమించాలి, ఒక ఇన్వెస్టరు 1 ఈథర్ పెట్టి కొన్నాడు. పూల్‌లో ఈథర్ 11 అయింది, లబ్ధం కోటి దగ్గరే ఉండాలంటే టోకెన్లు 9,09,091కి తగ్గాలి. అంటే 90,909 టోకెన్లు ఇతని చేతికొచ్చాయి. 0.3 శాతం ఫీజుని లెక్క తేలిగ్గా ఉండటానికి వదిలేద్దాం.

కొనకముందు టోకెన్ ధర 0.00001 ఈథర్. కొన్నాక 0.0000121. ఇతని దగ్గరున్న 90,909ని ఈ కొత్త ధరతో గుణిస్తే 1.1 ఈథర్. కొన్న క్షణంలోనే పది శాతం లాభం! తన డబ్బుతో తనే ధర పెంచి, ఆ పెరిగిన ధరతో తన సరుకునే వెల కట్టుకుని, భార్యకి స్క్రీన్‌షాట్ పంపిస్తాడు. అమ్మబోతే మళ్ళీ ఆ 1 ఈథరే వస్తుంది, అదీ ఫీజు పోను. ఆ మాట స్క్రీన్‌షాట్‌లో ఉండదు.

మార్కెట్ క్యాప్ ఇంకా కనువిందుగా ఉంటుంది. 100 కోట్ల టోకెన్లను 0.0000121తో గుణిస్తే 12,100 ఈథర్ విలువైన సంస్థ అన్నమాట. దాని గల్లాపెట్టెలో ఉన్నది 11. అందులో 10 పారిశ్రామికవేత్త పోసినవి, ఒకటి ఇన్వెస్టరుది. ఆ ఒక్కటీ పట్టుకుపోవడానికే ఇంత తతంగం.

పట్టుకుపోవడాన్ని ఇంగ్లిషులో రగ్ పుల్ అంటారు, కాళ్ళ కింద తివాచీ లాగేయడం. మన పత్రికలు చిట్‌ఫండ్ కంపెనీల పుణ్యమా అని ఎప్పణ్ణుంచో 'బోర్డు తిప్పేశారు' అని రాస్తున్నది దీన్నే. కానీ బోర్డు తిప్పేయడానికి ముందు బోర్డుండాలి. చీటీలు వేసేవాడు అదే వీధిలో ఏళ్ళ తరబడి కాపురముండాలి, పెళ్ళిళ్ళకి కట్నాలు చదివించాలి, ఆఖర్న ఐపీ పెట్టాలన్నా వకీలుకి ఫీజిచ్చి కోర్టు మెట్లెక్కాలి. ఇక్కడ పూల్‌లో పోసినప్పుడు రసీదుగా వచ్చిన ఎల్‌పీ టోకెన్లని వెనక్కిస్తే చాలు, ఒకే ఒక్క లావాదేవీలో పూల్ ఖాళీ. ఐపీ కూడా పెట్టనక్కర్లేని దివాలా.

ఈ సంగతి జనానికి కాస్త తెలిసిపోవడంతో 'లిక్విడిటీ లాక్' అనే తాళం కనిపెట్టారు. ఎల్‌పీ టోకెన్లను ఆర్నెల్లో, ఏడాదో తీయడానికి వీల్లేకుండా మూడో కాంట్రాక్టులో పెట్టి, ఆ సర్టిఫికెట్‌ని టెలిగ్రామ్ గ్రూపులో పూజలో పటంలా నిలబెడతారు. తాళం నిజమైనదే. కానీ జేబులోని 99.9 కోట్లు గుర్తున్నాయా? వాటిని పూల్‌లోకి అమ్మేస్తే ఆ లబ్ధం సూత్రమే దగ్గరుండి లెక్క కడుతుంది: 11 ఈథర్‌లో 10.99 బయటికొస్తాయి, 0.01 మిగులుతుంది. ఆ 0.01కి మాత్రం ఏడాది పాటు తాళం భద్రంగా ఉంటుంది. జేబులో టోకెన్లు లేకపోయినా, కాంట్రాక్టులో మింట్ అనే మీట ఓనరు చేతిలో ఉంటే కొత్తవి ముద్రించుకుని అమ్ముతాడు.

కొందరు పారిశ్రామికవేత్తలకి ఈ తొందర నచ్చదు. వాళ్ళది హనీపాట్ సంప్రదాయం. దీన్లో కొనడం వెన్నతో పెట్టిన విద్య, అమ్మడం అసాధ్యం. టోకెన్ చేతులు మారే ఫంక్షన్‌లోనే ఒక చిన్న షరతు రాసి ఉంటుంది. సరుకు పూల్ వైపు వెళ్తోందా, పంపేది ఓనరు కాదా, అయితే లావాదేవీ చెల్లదు. చేపల మావుకి ఉన్నట్టు లోపలికే తోవ. కొనేవాళ్ళే తప్ప అమ్మేవాళ్ళు లేని సంతలో ధర ఎటు పోతుంది? చార్టంతా ఆకుపచ్చ. ఒక్క ఎర్ర గీత లేని చార్టుని చూసి ముచ్చటపడేవాళ్ళే గానీ అనుమానపడేవాళ్ళు తక్కువ.

అమ్మకం ఆగినప్పుడు తెరమీద 'ట్రాన్స్‌ఫర్ ఫ్రమ్ ఫెయిల్డ్' అని వస్తుంది. టెలిగ్రామ్ గ్రూపు అడ్మిన్‌ని అడిగితే ఓపిగ్గా జవాబిస్తాడు. "స్లిప్పేజ్ 12 పెట్టి చూడన్నా." పెడతాడు. "నెట్‌వర్క్ రద్దీగా ఉందన్నా, 49 పెట్టు." పెడతాడు. స్లిప్పేజ్ అంటే ధరలో ఇంత శాతం దాకా నష్టానికి నేను సిద్ధమని మనం రాసిచ్చే అంగీకారం, అంతే. లోపల ఉన్నది నిషేధమైతే ఎంత పెట్టినా పని జరగదు, ప్రతి ప్రయత్నానికీ గ్యాస్ అనే నెట్‌వర్కు రుసుము మాత్రం కాలుతుంది. ఉన్నది 99 శాతం అమ్మకం పన్ను అయితే, స్లిప్పేజ్ అంత దాకా పెంచాక పని జరుగుతుంది. నూటికి ఒక్కటి చేతికొస్తుంది.

ఈ సంప్రదాయంలో శిఖరం 2021 నాటి స్క్విడ్ టోకెన్. అప్పుడు ఊపు మీదున్న కొరియా వెబ్ సిరీస్ పేరు వాడుకుని, దానికి ఏ సంబంధమూ లేనివాళ్ళు అక్టోబరు ఆఖరి వారంలో పాన్‌కేక్‌స్వాప్‌లో దింపారు. అమ్మాలంటే 'మార్బుల్స్' అనే ఇంకో టోకెన్ ఉండాలని షరతు. దానికి 'యాంటీ డంపింగ్' అని గంభీరమైన పేరు. పైసల్లో మొదలై 2,861 డాలర్లు దాటింది. కొన్నవాళ్ళు అమ్మలేకపోతున్నామని మొత్తుకుంటుండగానే పేరున్న వార్తాసంస్థలు ధర ఎన్ని వేల శాతం పెరిగిందో రాశాయి. నవంబరు 1న కొన్ని నిమిషాల్లో సున్నా దగ్గరికొచ్చింది. సుమారు 33 లక్షల డాలర్లు పోయాయి. వాళ్ళ వెబ్‌సైటు నిండా స్పెల్లింగు తప్పులేనట. అంటే ఆ మహానుభావులు ప్రూఫ్‌రీడరు జీతం కూడా మిగుల్చుకున్నారు.

కొనడానికి మనం వెళ్ళకపోయినా పరిశ్రమే ఇంటికొచ్చే పథకం ఇంకోటుంది. అడగని టోకెన్లు వాలెట్‌లో వచ్చి పడతాయి. వేల డాలర్ల విలువ చూపిస్తాయి. టోకెన్ పేరులోనే ఒక వెబ్‌సైటు పేరుంటుంది. అక్కడికెళ్తే 'క్లెయిమ్' అనే బటన్. నొక్కితే వాలెట్ సంతకం అడుగుతుంది. ఆ సంతకం చాలాసార్లు 'అప్రూవల్', అంటే మీ దగ్గరున్న అసలు యూఎస్‌డీటీని ఎంతైనా, ఎప్పుడైనా తీసుకోవచ్చని ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర. 2022 జులైలో యూనిస్వాప్ పేరు మీదే ఇలాంటి టోకెన్లు 70 వేలకు పైగా అడ్రస్‌లకి పంచారు. లావాదేవీలన్నీ చూపించే ఎక్స్‌ప్లోరర్ సైటులో చూస్తే పంపింది యూనిస్వాపే అన్నట్టు కనిపించింది. ఎందుకంటే 'ఫలానా వారు ఫలానా వారికి పంపారు' అనే నమోదు టోకెన్ కాంట్రాక్టు తనంతట తను రాసుకునే డైరీ, దాన్లో ఎవరి పేరైనా రాసుకోవచ్చు. సంతకం పెట్టినవాళ్ళకి పోయింది సుమారు 80 లక్షల డాలర్లు.

ఇంత చక్కగా సాగిపోతున్న కుటీర పరిశ్రమకి కొందరు పనిగట్టుకుని అడ్డు తగులుతున్నారు. వాళ్ళ ఆగడాలు చెప్పక తప్పదు. వీళ్ళు స్వాప్ పెట్టెలో టోకెన్ పేరు కొట్టరు. నాణేల ధరలు చూపించే కాయిన్‌గెకో సైటులోనో, ప్రాజెక్టు సొంత సైటులోనో అడ్రస్ కాపీ చేసుకుని అతికిస్తారు, పైగా రెండు చోట్ల పోల్చుకుంటారు. మొదటి నాలుగూ చివరి నాలుగూ కలిసేలా అడ్రస్‌లు తయారుచేయడానికి పారిశ్రామికవేత్త రాత్రంతా కంప్యూటరు నడిపితే, ఈ నిర్దయులు మధ్యలో ఉన్న అక్షరాలు కూడా చదువుతారు. ఈథర్‌స్కాన్ అనే ఎక్స్‌ప్లోరర్‌లో కాంట్రాక్టు సోర్స్ కోడ్ వెరిఫై కాలేదంటే అక్కడే లేచిపోతారు. హోల్డర్స్ పేజీ తెరిచి ఒక్క వాలెట్‌లో ఎంత ఉందో చూస్తారు. ఆ టోకెన్‌ని ఇప్పటిదాకా ఎవరైనా అమ్మారా, అమ్మినవాళ్ళు ఇద్దరే ఉంటే ఆ ఇద్దరూ ఓనరు నుంచి వచ్చినవాళ్ళేనా అని ఆరా తీస్తారు. హనీపాట్ డాట్ ఈజ్ లాంటి చోట ఉత్తుత్తి అమ్మకం నడిపి చూస్తారు. ఈ చివరి విషయంలో మాత్రం పరిశ్రమకి ఊరట ఉంది: ఈ రోజు అమ్మకం సాగనిచ్చి, పదిమంది చేరాక పన్ను 99కి పెంచే మీట ఓనరు దగ్గరుంటే పరీక్ష నెగ్గేసినట్టే. అందుకే ఈ అనుమానపు పక్షులు కాంట్రాక్టులో అలాంటి మీటలేమున్నాయో కూడా వెతుకుతారు. 'ఓనర్‌షిప్ వదులుకున్నాం' అన్న మాటకీ లొంగరు, వెనకాల ఇంకో అడ్మిన్ ఉన్నాడేమో అని తొంగిచూస్తారు. అడగని టోకెన్ వస్తే ముట్టుకోరు. పాత అప్రూవల్స్‌ని రివోక్ డాట్ క్యాష్‌లో కూర్చుని రద్దు చేసుకుంటారు. కొత్త టోకెన్ల కోసం విడిగా ఒక వాలెట్, దాన్లో పోయినా ఏడవనంత డబ్బు. ఇలాంటివాళ్ళు వీధికి నలుగురుంటే పారిశ్రామికవేత్త పిల్లల ఫీజులు ఎలా కట్టాలి?

డబ్బు పోయినవాళ్ళ కోసం అనుబంధ పరిశ్రమ కూడా ఉంది. గ్రూపులో 'మోసపోయాను' అని రాసిన పది నిమిషాల్లో రికవరీ నిపుణుడు ప్రైవేటుగా పలకరిస్తాడు. ముందు ఫీజు అడుగుతాడు, లేదా వాలెట్‌కి తాళంచెవి లాంటి సీడ్ ఫ్రేజ్‌లోని 12 మాటలు అడుగుతాడు. పూల్ దాటిపోయిన ఈథర్‌ని వెనక్కి లాక్కొచ్చే మీట ఎవరి దగ్గరా లేదు. యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ లాంటి డాలరు నాణేల్ని మాత్రం వాటిని జారీచేసే కంపెనీలు స్తంభింపజేయగలవు, పోలీసుల నుంచి తాఖీదు వెళ్తే. అందుకని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో లావాదేవీ హాష్‌తో, అంటే దాని గుర్తింపు సంఖ్యతో, సహా ఫిర్యాదివ్వడం పనికొచ్చే మాటే, ముఖ్యంగా టోకెన్ల కోసం ముందు బ్యాంకులోంచి ఎవరికో రూపాయలు పంపి ఉంటే. అదీ వెంటనే చేస్తేనే.

చివరాఖరికి ఆదాయపు పన్ను శాఖ. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని దేనికీ సర్దుబాటు చేసుకోకూడదు, కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చూ మినహాయించుకోకూడదు. ఆ కాలిన గ్యాస్ కూడా. ఈథర్ మీద లక్ష రూపాయల లాభముందనుకోండి. ఆ ఈథర్‌తో నకిలీ టోకెన్ కొన్న క్షణంలోనే ఈథర్‌ని అమ్మినట్టు లెక్క, లక్ష లాభం వచ్చినట్టు లెక్క. సాయంత్రానికి టోకెన్ సున్నా అయి లక్ష పోతే అది లెక్కలోకి రాదు. 30 వేల పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31,200 రూపాయలు. అది మాత్రం రూపాయల్లోనే కట్టాలి, జేబులో మిగిలిన 90,909 టోకెన్లు పుచ్చుకోరు.