తప్పు చేయనివాళ్ల వివరాలు గోడకెక్కాలా?

మా కోనసీమ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ప్రభుత్వ సొమ్ము తీసుకునేవాళ్ల వివరాలన్నీ ఆధార్‌తో సహా బయటపెట్టాలట. తప్పు చేయనివాడు దాచేదేముందట. నంబరు తెలిసినా వేలిముద్ర లేకుండా ఎవరేం చేయలేరట. ప్రైవసీ సిటీవాళ్ల గొడవట.

ముందు తప్పు సంగతి. మన రాష్ట్రంలో పెన్షన్లు వృద్ధులకే కాదు, ఒంటరి మహిళలకు, డయాలసిస్ రోగులకు, హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు కూడా వస్తాయి. సచివాలయం గోడ మీది జాబితాలో ఒక తల్లి పేరు పక్క గడిలో "ఏఆర్‌టీ" అని ఉంటే చాలు, కూతురికి వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. ఆవిడ చేసిన తప్పేమిటి? ఎవరికైనా హెచ్‌ఐవీ ఉన్న సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లోనే చట్టం వచ్చింది.

వేలిముద్ర మాటకొస్తే, 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి రబ్బరు అచ్చులు చేశాడు. పావెకరం కొబ్బరితోట చేతులు మారినా మనం వేలిముద్ర వేయాల్సిందే. ఆధార్‌తో డబ్బు ఇచ్చే మిషన్‌కు నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ కూడా అడగదు. ఇక నంబరు తెలిస్తే ఏమవుతుందని ఎలా అంటాం?

జాబితాలే వద్దని నేననడం లేదు. లంకల్లో వరద సాయం ఎవరికి అందిందో ఊరికి తెలియాలి. లబ్ధిదారుల వివరాలు అడగకుండానే ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. కానీ మునగని ఇంటికి సాయం రాశారని పట్టుకోవడానికి పేరు, ఊరు, ఎంత ఇచ్చారన్నది సరిపోతాయి. బ్యాంకు ఖాతా నంబరుతో పక్కింటివాళ్లకేం పని? ఆధార్ నంబరు బహిరంగంగా ప్రకటించడాన్నైతే 2016 ఆధార్ చట్టమే నిషేధించింది.

సిటీవాళ్ల గొడవ అన్నది అసలే తప్పు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. పైగా పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియని చోటకన్నా, మూడు తరాలుగా అందరికీ అందరూ తెలిసిన ఊళ్లోనే ఒకసారి బయటపడ్డ మాట మాసిపోదు.

నాకున్న భయం ఇంకొకటి. వ్యక్తిగత వివరాల రక్షణకని తెచ్చిన 2023 డేటా చట్టం సమాచార హక్కు చట్టంలో చేసిన మార్పును చూపించి, వ్యక్తిగత సమాచారం పేరుతో అసలు జాబితానే "ఇవ్వం" అనే అధికారులూ ఉంటారు. దానికీ ఒప్పుకోకూడదు. ఆధార్, ఖాతా, జబ్బు గడులు కొట్టేసి మిగతాది ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.