మహారాజశ్రీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ గారికి

మహారాజశ్రీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలి కానీ, తమరి కుశలం ఈ పొద్దున నా క్లాసులో కళ్లారా చూశాను. బాగోలేనిది నేనే. గొంతు పోయింది. పాఠం చెప్పి పోయిందనుకునేరు, 62 సార్లు "వెరీ గుడ్, నెక్స్ట్" అని అని పోయింది.

ఈసారి మొదటి రోజుకి నేనెంత సిద్ధపడ్డానో తమరికేం తెలుసు? ముందురోజు సాయంత్రమే గది చూసొచ్చాను. బోర్డు మీద నాలుగు ముక్కలు రాసి, చివరి బెంచీలో కూర్చుని చదవబోతే ఒక్క అక్షరం ఆనలేదు. ఇన్నేళ్లూ నేను రాసిందంతా ముందు మూడు బెంచీల వాళ్లకేనన్నమాట. ప్రొజెక్టర్ కేబుల్ లూజుగా ఉంటే నాది ఒకటి సంచిలో వేసుకున్నాను. ట్రేలో నాలుగు మార్కర్లు ఉన్నాయి, నాలుగూ ఎండిపోయినవే. (రాయని మార్కర్‌ని పారేయకుండా మళ్లీ భద్రంగా ట్రేలోనే పెట్టే మహానుభావులకి విడిగా ఉత్తరం రాస్తాను.) సిలబస్ ఆరు పేజీలుంటే ఒక పేజీకి దించాను. పేర్ల లిస్టు ముందేసుకుని, తప్పు పలకకూడదని పైకి చదివాను.

వీటన్నిటినీ మించి, మొదటి ప్రశ్న ఒకటి దాచుకున్నాను. నేను చెప్పేది ప్రాబబిలిటీ. లోపలికి వెళ్లగానే అడగాలి: "ఈ గదిలో ఒకే రోజు పుట్టినరోజు ఉన్నవాళ్లు ఇద్దరైనా ఉంటారా?" ఏడాదికి 365 రోజులు, మనం 62 మందిమి, ఎక్కడుంటారు మేడం అంటారు. అసలు 23 మంది ఉంటే చాలు, అవకాశం సగం దాటేస్తుంది. 62 మంది ఉంటే 99 శాతం పైమాటే. ఎందుకంటే ఇక్కడ లెక్కపెట్టాల్సింది మనుషుల్ని కాదు, జంటల్ని. 62 మందిలో 1,891 జంటలు! నెలలవారీగా చేతులెత్తిస్తే కాసేపట్లో ఒక జంట బయటపడుతుంది. అప్పుడు ఆ ముఖాలు చూడాలి. ఆ ముఖాల కోసమే రాత్రి సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

తలుపు తోశాను. అందరూ ఒక్కసారి తలెత్తి చూశారు. నాలుక పిడచకట్టుకుపోయింది. నా ప్రమేయమే లేకుండా నా నోట్లోంచి తమరు వేంచేశారు: "ముందు అందరూ ఒక్కొక్కరుగా పరిచయం చేసుకోండి."

మనిషికి 40 సెకన్లు వేసుకోండి. 62 మందికి 41 నిమిషాల 20 సెకన్లు. క్లాసేమో 50 నిమిషాలు.

మొదటి కుర్రాడు "మైసెల్ఫ్..." అని ఎత్తుకున్నాడు. ఇక ఆ మైసెల్ఫ్ బెంచీ బెంచీకీ పాకింది. హాబీ అంటే పాటలు వినడం. అందరిదీ అదే. రెండో వరసలో ఒకమ్మాయి తన వంతు రాకముందే పెదవులు కదుపుతూ బట్టీ పడుతోంది. పక్కవాడు తన పేరేమిటో చెప్పాడు, ఆమె వినలేదు. పాపం ఆమె తప్పు కాదు. వరసగా ఒక్కొక్కరూ ఒక్కో మాట పైకి చదువుతుంటే, తన వంతుకి సరిగ్గా ముందు వినబడ్డవే మనిషికి గుర్తుండవని మాల్కం బ్రెన్నర్ అనే ఆయన 1973లోనే తేల్చాడు. దానికి నెక్స్ట్ ఇన్ లైన్ ఎఫెక్ట్ అని పేరు కూడా ఉంది. వంతు రాబోయేవాడు వినడు. వంతు అయిపోయినవాడు బెంచీ కింద ఫోన్ తీస్తాడు. మరి ఎవరికండీ ఈ పరిచయాలు? నాకా? ఏడో పేరు వినేసరికి మొదటి పేరు మర్చిపోయాను.

ఇంతలో ఒకమ్మాయి లేచి, మైసెల్ఫ్ అయ్యాక, "ఈరోజు నా బర్త్‌డే మేడం" అంది.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. నా ప్రశ్న, నా 1,891 జంటలు, రాత్రంతా నేను ఊహించుకున్న క్షణం తనంతట తాను లేచి నిలబడి నా ముఖంలోకి చూస్తోంది. నేనేమన్నానో తెలుసా?

"వెరీ గుడ్. నెక్స్ట్."

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. నువ్వు దొంగవి. నీ తమ్ముడు "ఎనీ డౌట్స్?" కూడా నీ బాపతే. టీచర్లు ప్రశ్న వేసి జవాబు కోసం ఆగేది దాదాపు ఒక్క సెకనేనని మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు లెక్కపెట్టి చూపించింది. కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పెరుగుతాయని కూడా చెప్పింది. నేనాగింది అర సెకను. అప్పటికి ఆగడానికి టైమ్ ఎక్కడ మిగిల్చావు కనక?

సరే, నిన్ను ఇన్నేళ్లూ మేపుతున్నది మాబోటి పిరికివాళ్లమే. పదేళ్ల సర్వీసు తర్వాత కూడా మొదటి రోజంటే నాకు టెన్షనే. నువ్వొస్తే ఆ కాసేపు అందరూ వాళ్లలో వాళ్లు చూసుకుంటారు, నన్ను చూడరు. కేబుల్ సర్దుకున్నాను, మార్కర్ కొనుక్కున్నాను, ఆ మొదటి వాక్యం మాత్రం ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు. అది కాగితం మీదే ఉండిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం నీకు రుణపడ్డాను. చిట్టచివర వెనక బెంచీ కుర్రాడు లేచాడు. పేరు చెప్పాడు. హాబీ దగ్గర ఆగిపోయాడు. "నాకు లెక్కలంటే భయం మేడం. ఈ పేపర్ రెండోసారి రాస్తున్నా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడి పేరు నాకు ఇంకా గుర్తుంది.

రేపు ఇంకో సెక్షన్‌కి మొదటి రోజు. అందరికీ తలా ఓ సగం కాగితం ఇస్తాను. వాళ్లని ఏమని పిలవాలో, ఈ సబ్జెక్టులో దేనికి భయపడుతున్నారో రాసివ్వమంటాను. నీకు చోటు అక్కడే. ఐదు నిమిషాలు, చివర్లో, నోరు మూసుకుని. తలుపు తోయగానే మాత్రం పుట్టినరోజు ప్రశ్నే. ఇప్పటికి అద్దం ముందు తొమ్మిదిసార్లు అన్నాను, రెండుసార్లు తడబడ్డాను.

ఇట్లు,
మైసెల్ఫ్