బకెట్టు, గుడ్డ, ఒక మేనేజింగ్ డైరెక్టరు

నెల్లూరు జిల్లా నిరుద్యోగ సమస్యకు పరిష్కారం ఇన్నాళ్ళూ ట్రంకు రోడ్డు మీద అందరి కళ్ళెదుటే నిలబడి ఉంది. దుమ్ము పట్టి ఉండడం వల్ల ఎవరికీ కనబడలేదు. నేను చెప్పేది అద్దాల సంగతి, వాటిని తుడిచే వ్యాపారం సంగతి.

గాంధీబొమ్మ దగ్గర బయల్దేరి మాగుంట లేఅవుట్ చుట్టి మినీ బైపాస్ మీదకు పోయి చూడండి. కొత్తగా లేచిన ప్రతి భవనానికీ ముఖం అద్దమే. పొగతోటలో ఆస్పత్రికి అద్దం, బట్టల షాపుకి అద్దం, బంగారం షాపుకి అద్దం, ఆఖరికి ఇంటర్ కాలేజీకి కూడా అద్దం. మన తాతలు ఇల్లు కట్టుకుంటే కిటికీకి టేకు రెక్కలు, ఇనప చువ్వలు, అంతే. గాలి వచ్చేది, దోమ వచ్చేది, ఎదురింటి గొడవ అక్షరం పొల్లుపోకుండా వచ్చేది. మనం అద్దం బిగించి, దాని మీద తెర లాగి, ఏసీ వేసి, పట్టపగలు లైటు వేసుక్కూర్చుంటున్నాం. వెలుతురుకని పెట్టించిన అద్దాన్ని కప్పడానికి మళ్ళీ తెర కొనడం నాగరికత లక్షణం. నేను విమర్శించబోవడం లేదు. నాకందులో ఆర్డర్లు కనిపిస్తున్నాయి.

పైగా ఇది మన మట్టి బిడ్డ. అద్దానికి ముడిసరుకు సిలికా ఇసుక. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో కోట, చిల్లకూరు మండలాల నుంచి ఆ ఇసుక లారీలెక్కి పరాయి రాష్ట్రానికి పోయి అక్కడ అద్దమవుతుంది. తవ్వినవాడు బాగుపడ్డాడు, లారీ తోలించినవాడు బాగుపడ్డాడు, కరిగించి పలక చేసినవాడు మరీ బాగుపడ్డాడు. ఇసుక పుట్టిన చోట పుట్టిన కుర్రాడికి ఇక మిగిలింది తుడిచే వాటా ఒక్కటే. దాన్నయినా వదులుకోవద్దని నా విన్నపం.

పెట్టుబడి లెక్క చూద్దాం. ఒక బకెట్టు. నీళ్ళు పట్టి అద్దానికి రాయడానికి టీ ఆకారంలో ఉండే కర్ర, దానికి తొడిగే బొచ్చు తొడుగు. నీళ్ళు లాగడానికి రబ్బరు పట్టీ ఉన్న స్క్వీజీ. నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు. పెయింటు చుక్కలు గీకే బ్లేడు. గిన్నెలు తోమే లిక్విడ్ సీసా, అందులోంచి బకెట్టుకి కొన్ని చుక్కలు చాలు, ఎక్కువైతే చారలు పడతాయి. నిచ్చెన అద్దెకు తెచ్చుకుంటే ఇదంతా ఐదు వేలు దాటదు. పాత న్యూస్‌పేపరు ముద్ద చేసి రుద్దినా అద్దం మెరుస్తుందని మన అమ్మలకు ఎప్పుడో తెలుసు. కాలమిస్టుల రాతలు ఏ ఇంట్లోనైనా వెలుగు నింపాయంటే ఈ ఒక్క మార్గంలోనే.

ఇక అసలు ఖర్చు. పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టించాలి. అమావాస్య వెళ్ళేదాకా బకెట్టు ముట్టుకోరాదు. ఫ్లెక్స్ కొట్టించాలి, అందులో కుర్రాడి బొమ్మ చేతులు కట్టుకుని, కళ్ళజోడుతో, పక్కన వార్డు నాయకుడు, పైన ఎమ్మెల్యేగారు, ఆ పైన దేవుడు. స్క్వీజీ బొమ్మకు చోటు ఉండదు, అడగొద్దు. వెయ్యి విజిటింగ్ కార్డులు, ‘వ్యవస్థాపకులు మరియు మేనేజింగ్ డైరెక్టర్’. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళకు టిఫిను, కూల్‌డ్రింకులు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషికి శాలువా. ఇవన్నీ అయ్యాక బకెట్టు కొనడానికి డబ్బుల్లేక కుర్రాడు ఇంట్లో బాత్రూం బకెట్టు ఎత్తుకొస్తాడు. పరిమిత పెట్టుబడి అని పెద్దలు అన్నది దీన్నే.

లోను ఉంది కదా అంటారు. ఉంది. ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా పూచీకత్తు లేకుండా ఇవ్వొచ్చు. చిన్న వ్యాపారాలను సర్కారు దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషను ఆధార్‌తో, పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. ఆ ఉచిత రిజిస్ట్రేషనుకు నెట్ సెంటరువాడు మూడొందలు తీసుకుంటాడు, పూచీకత్తు అక్కర్లేని అప్పుకు బ్యాంకు ఆఫీసరు “మీ నాయన పేరు మీద పొలమేమన్నా ఉందా?” అని ఊరికే, మాటవరసకు అడుగుతాడు. చదరపు అడుగు లెక్కన అద్దాలు తుడుస్తానని చెబితే ఆయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటాడు. ఇంత అవసరమున్న కస్టమరు ఎదురుగా కూర్చుని ఉన్నా లోను మంజూరు కాదు.

ఇంటి సంగతి చెప్పకపోవడమే మేలు. “బీటెక్కు చదివించింది కిటికీలు తుడిచేదానికారా?” అని నాయన. “మేనమామకి తెలిస్తే ఏమనుకుంటాడో” అని అమ్మ. మేనమామ కొడుకు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతూ పెట్రోలు బంకులో సాయంత్రాలు అద్దాలే తుడుస్తుంటాడు. అది పార్ట్‌టైం. డాలరుకి దుమ్ము అంటదు. అదే గుడ్డ దర్గామిట్టలో పట్టుకుంటే పెళ్ళి సంబంధాలు వెనక్కి పోతాయి. పిల్ల తరఫువాళ్ళు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే “బిల్డింగుల లైన్లో ఉండాడు” అని చెప్పమని నా సలహా. అబద్ధం కాదు, నాలుగో అంతస్తు దగ్గర తాడు పట్టుకుని నిజంగానే ఆ లైన్లోనే ఉంటాడు.

పనిలో మెళకువ ఉందంటే ఎవరూ నమ్మరు కాబట్టి కొంచెం ఓపికగా చెబుతాను. మన శత్రువు దుమ్ము కాదు, నీళ్ళు. సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళంటే మీకు చెప్పాలా. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాల్లో ఉంది. మనిషి ఓర్చుకుంటాడు, అద్దం ఓర్చుకోదు. నీటి చుక్క ఆరిపోయిన చోట కాల్షియం తెల్లటి ఉంగరంలా మిగిలిపోతుంది. పైనున్న మొక్కల కుండీకి నీళ్ళు పోసిన ప్రతిసారీ కింది కిటికీ మీద ఒక పొర పేరుకుంటుంది. అది సబ్బుకు రాదు. వెనిగరు తడిపిన గుడ్డ కాసేపు అంటించి ఉంచితే కరుగుతుంది. తెలివైనవాళ్ళు బాత్రూం యాసిడ్ పోస్తారు. మరక పోతుంది, దాంతోపాటు అల్యూమినియం ఫ్రేము రంగు పోతుంది, కింద మార్బుల్ మెట్టు పొంగి తెల్లబడుతుంది, ఆ నెల జీతమూ పోతుంది.

మంచి నీళ్ళకు డబ్బు పెట్టనక్కర్లేదు. పై దేశాల్లో లవణాలన్నీ తీసేసిన నీళ్ళను పొడుగాటి గొట్టం చివర బ్రష్ కట్టి కింద నుంచే కొడతారు, తుడవకుండా వదిలేసినా ఆరాక మరక ఉండదు. ఆ యంత్రం మన బడ్జెట్లో లేదు. కానీ ట్రంకు రోడ్డు మీద నడిచేవాళ్ళ నెత్తిన రోజంతా పడేది దాదాపు అలాంటి నీరే. ఏసీ గొట్టంలోంచి కారేది గాలిలో తేమ, అందులో బోరు ఉప్పు ఉండదు. గుడ్డలో వడగట్టి బకెట్టుకు పట్టుకుంటే ఆఖరి కడుగుకు భేషుగ్గా సరిపోతుంది. మన ఉక్కపోతకి ఏసీకింద బకెట్టు ఎంతలో నిండుతుందో మీకు తెలియంది కాదు. ఒకటే ఇబ్బంది, ఇన్నేళ్ళూ పారబోసిన ఆ నీళ్ళకి షాపు ఓనరు ఆ మధ్యాహ్నమే రేటు కడతాడు.

ఎండ ఇంకో సమస్య. మే నెలలో పదింటికి అద్దం మీద నీళ్ళు రాస్తే, స్క్వీజీ తీసేలోపే సబ్బు ఎండి చారలు కడుతుంది. తెల్లారుజామున తూర్పు వైపు, సాయంత్రం పడమటి వైపు అన్నది తప్పు. సరిగ్గా దానికి తిరగేసి చెయ్యాలి, నీడ ఎటు ఉంటే మనమటు. పై మూల నుంచి మొదలుపెట్టి రబ్బరును కాస్త వాల్చి లాగాలి. ప్రతి లాగుడుకీ రబ్బరు అంచు గుడ్డతో తుడవాలి, తర్వాతి లాగుడు ముందుదాని అంచు మీదకు కొద్దిగా ఎక్కాలి. లేకపోతే మధ్యలో సన్నటి నీటి గీత మిగులుతుంది, అది దించిన నిచ్చెన మళ్ళీ ఎక్కిస్తుంది. పెయింటు చుక్కలు గీకాలంటే అద్దం తడిగా ఉండాలి. పొడి అద్దం మీద బ్లేడు పెట్టినవాడికి గీతల రూపంలో ఆటోగ్రాఫు మిగులుతుంది.

కస్టమరు దగ్గరికొద్దాం. మాగుంట లేఅవుట్, మూడంతస్తుల ఇల్లు, గేటు దగ్గర కుర్చీలో పెద్దాయన.

“ఎంత తీసుకుంటావబ్బయ్యా?”

“కిటికీకి వంద సార్. లోపల, బయట రెండు పక్కలా.”

“వందా! కిటికీ తుడిచేదానికి వందేందయ్యా? మా పనామెకి చెప్తే ఊరికే తుడస్తది గదా.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదా సార్?”

“ఆమెకి అందదు.”

ఈ మాట తర్వాత ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడుకోరు. ఆనక పెద్దాయనే దిగొచ్చి, “సరే, ఒకటి తుడిచి చూపీ, చూద్దాం” అంటాడు. అప్పుడు కుర్రాడు ఎప్పుడూ మధ్య కిటికీనే తుడవాలి. చివరిది తుడిస్తే అది కొత్తగా కనబడుతుంది, మధ్యది తుడిస్తే మిగతావన్నీ పాతగా కనబడతాయి. లోపల్నించి ఆమె వచ్చి చూసి, “ఏమండీ, ఇదొక్కటి ఇట్టుంటే తక్కినయ్యి ఎట్టా అఘోరించినయ్యో చూడండి” అంటుంది. వ్యాపార సూత్రం ఇక్కడిదాకా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అప్పుడు పెద్దాయన దీర్ఘంగా ఆలోచించి ఖర్చులేని ఉపాయం చెబుతాడు: “అయితే దాన్ని మళ్ళీ ముందుండినట్టే చేసిపో.”

కాలేజీవాళ్ళు ఇంకా మేలు, అసలు తుడిపించరు. లక్షలు పోసి బిగించిన అద్దం మీద పై అంతస్తు నుంచి కింది దాకా ర్యాంకు పిల్లల ఫొటోలు అతికిస్తారు. ఏడాదికోసారి ఫలితాలు రాగానే పాతవాళ్ళను పీకి కొత్తవాళ్ళను అతికించడమే ఆ భవనానికి నిర్వహణ. లోపల చదివే పిల్లలకు ఆకాశం ఎవరి మొహం వెనకాల ఉందో ఇంతవరకూ తెలియదు.

ఆస్పత్రి అద్దం నాలుగో అంతస్తు దాకా ఉంటుంది. ఇక్కడ నిచ్చెన చాలదు. టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకుకో, కొళాయి పైపుకో తాడు కట్టి, దానికి చెక్క కట్టి, చెక్క మీద మనిషిని కూర్చోబెట్టి దించుతారు. బెల్టు ఉంటుంది, పైన స్టోర్‌రూములో భద్రంగా. ఈ పద్ధతి ఎందుకని అడిగితే “మనోడు అలవాటు పడ్డాడు సార్, ఏం గాదు” అని మేనేజరు భరోసా ఇస్తాడు. అలవాటు పడినవాడు మాట్లాడడు, రెండు చేతులతో తాడు పట్టుకుని ఉంటాడు కాబట్టి. అద్దం బిగించే రోజున ఇదే మేనేజరు గ్యారంటీ ఎన్నేళ్ళు, పగిలితే ఎవరు మార్చాలి, రాళ్ళ వాన పడితే ఏంటి అని కాగితం మీద రాయించుకున్నాడు. తాడు గురించి ఏ కాగితమూ లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినవాడి ఇంటికి 2 లక్షలు వస్తాయి, బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ళ లోపువాళ్ళు ఎవరైనా చేరొచ్చు. రెండు టీల ఖర్చు. మన ఎండీ తన బడ్జెట్లో ఫ్లెక్స్ మీద ఎమ్మెల్యేగారి తలకాయ కాస్త చిన్నది చేయించినా ఆ ఇరవై మిగులుతుంది. తాడు, బెల్టు సొంతంగా కొనుక్కోలేనివాడు మొదటి అంతస్తు దాటి ఆర్డరు ఒప్పుకోకూడదు. ఇందులో వ్యంగ్యమేమీ లేదు.

పోటీ ఎవరంటారా? బంగాళాఖాతం. మనకు వానలు దసరా దాటాక ఈశాన్య రుతుపవనాలతో ముమ్మరమవుతాయి, సరిగ్గా దీపావళి శుభ్రాలకు ఆర్డర్లు వచ్చే వేళకి. టీవీలో అల్పపీడనం అనగానే ఫోన్లు మొదలవుతాయి. “అబ్బయ్యా, ఈ వారం రావద్దులే, ఎట్టాగూ వానొచ్చి కడిగేస్తది.” వాన కడగదు. మూడు నెలల దుమ్మును బురద చేసి అద్దం నిండా పటం గీసి పోతుంది. వాయుగుండం దాటాక కృష్ణపట్నం, మైపాడు వైపు ఇళ్ళకు ఉప్పుగాలి పొర కూడా తోడవుతుంది. అప్పుడు పిలుస్తారు, రేటు మాత్రం వానకు ముందుదే. సగం దేవుడు కడిగాడు కదా అని వాదన.

ఇన్ని గండాలు గడిచి మన ఎండీ ఒక ఇంట్లో, కూతురి నిశ్చితార్థం పేరు చెప్పి, అన్ని కిటికీలూ తుడిచాడనుకుందాం. మధ్యలో ఫ్యాన్లు, దోమల మెష్‌లు, కారు, ఎట్టాగూ నిచ్చెన ఉంది గదా అని నాలుగు కొబ్బరికాయలు కూడా అయ్యాయి, వాటికి లెక్క లేదు. అద్దం ఉందో లేదో తెలియనంత తేటగా వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఫోను.

“ఏందబ్బయ్యా, ఇట్టా జేసినావు? ఎదురింటోళ్ళకి మా హాలంతా కనబడతా ఉండాది!”

“తుడవమన్నారు గదా సార్.”

“తుడవమంటే మరీ ఇంతనా? ఆ నల్ల స్టిక్కరు ఉంటది చూడు, బయటోళ్ళకి కనపడకుండా. అది ఏస్తావా నువ్వు?”

“ఏస్తా సార్. చదరపు అడుగు అరవై.”

“సరే, అన్నిటికీ ఏసెయ్. ఈ రోజే రా.”