మా తాతయ్య కెప్టెన్ కాదండీ

మొన్న ఆగస్టు 15 ప్రోగ్రాంలో మన అసోసియేషన్ వాళ్ళు వీరులకు నివాళి అని స్లైడ్లు వేశారు కదా, అందులో మూడోది మా తాతయ్య. జూన్‌లో హైదరాబాద్‌లో, మల్కాజిగిరి ఇంట్లోనే పోయారు, 91 ఏళ్ళు. ఫోటో నేనే పంపా, హవల్దార్, ఈఎంఈ (ఆర్మీలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) అని వివరాలు కూడా రాసి పంపా. స్క్రీన్ మీద చూస్తే కెప్టెన్ అని ఉంది! అదీ నాలుగు సెకన్లు, సమోసా కోసం తల తిప్పినవాళ్ళకి అదీ లేదు. వెంటనే స్పాన్సర్ గారొచ్చి శంకర్‌పల్లి ప్లాట్ల గురించి పన్నెండు నిమిషాలు మాట్లాడారు (ఫోన్లో టైం చూసుకున్నా లెండి).

తర్వాత అడిగితే కమిటీలో ఒకాయన "హవల్దార్ అంటే ఇక్కడి పిల్లలకేం తెలుస్తుందమ్మా, కెప్టెన్ అంటే గ్రాండ్‌గా ఉంటుందని మార్చాం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

మా పిన్ని పెళ్ళికి ఎవరో చుట్టాలు ఉత్సాహపడి శుభలేఖలో తాతయ్య పేరు ముందు మేజర్ అని వేయిస్తే, ఆయన నాలుగొందల కార్డులూ ముందేసుకుని, బ్లేడుతో గీకి హవల్దార్ అని పెన్నుతో రాశారు, రెండు రాత్రులు. అమ్మమ్మ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెప్పుకుంటాం.

తిరుమలగిరిలో ట్రైనింగ్, 1971లో పశ్చిమ సరిహద్దు. తుపాకీ కంటే స్పానరే ఎక్కువ పట్టారు. చెడిపోయిన ట్రక్కు వస్తే లైటు బయటికి కనపడకుండా పైన దుప్పటి కప్పుకుని రాత్రికి రాత్రే బాగుచేసి తెల్లారేసరికి పంపాలి. "పదమూడు రోజుల యుద్ధం అంటారు, నాకైతే పదమూడు రాత్రులు" అనేవారు. రిటైరయ్యాక బాలానగర్‌లో చిన్న లేత్ షాపు పెట్టారు, దాంతో వేలిముద్రలు అరిగిపోయాయి, ఇక ప్రతి నవంబర్‌లో, పెన్షన్ కోసం బతికే ఉన్నామని వేలిముద్ర వేసే లైఫ్ సర్టిఫికెట్ దగ్గర గొడవే. ఓసారి నేనూ వెంట వెళ్ళా. బొటనవేలు రిజెక్ట్, చూపుడువేలు రిజెక్ట్, కొబ్బరినూనె రాసి తుడిచి పెట్టినా రిజెక్ట్, చివరికి ఎడంచేతి ఉంగరపువేలికి పచ్చలైటు వెలిగింది. "చూశావా అమ్మడూ, ఒక్క వేలైనా నేను బతికున్నానని ఒప్పుకుంది" అంటే క్యూ అంతా నవ్వింది. 80 దాటితే పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, వందేళ్ళకి నూటికి నూరు. "గవర్నమెంటే బతకమంటుంటే కాదంటామా" అని 95 మీద కన్నేసి కూర్చున్నారు.

అలాగని హైదరాబాద్‌లో అంతా పద్ధతిగా జరిగిందనీ అనను. పెద్దకర్మ రోజు సగంమంది విస్తళ్ళ ముందు ఫ్లాట్ల రేట్లే మాట్లాడుకున్నారు, అందులో మా మావయ్య ఫస్టు. కానీ వీధి చివర ఇస్త్రీ బండి అతను వచ్చి, ప్రతి జనవరి 26కీ, ఆగస్టు 15కీ కోటు ఇస్త్రీకి ఇచ్చి, వద్దన్నా జేబులో డబ్బులు కుక్కి వెళ్ళేవారని, కోటు మడత సరిగ్గా రాకపోతే మళ్ళీ చేయించేవారని గంటసేపు చెప్పాడు. ఎవ్వరూ టైం చూసుకోలేదు.

వాలంటీర్ల కష్టం నాకు తెలీదా, రెండేళ్ళు ఫుడ్ కమిటీలో పులిహోర గిన్నెలు మోశా. హాలు అద్దె స్పాన్సర్లు లేకుండా కట్టలేం, అదీ తెలుసు. అయినా అడుగుతున్నా, ఒక్క సినిమా డాన్స్ తగ్గించి ఐదు నిమిషాలు ఇవ్వండి. స్లైడ్ వద్దు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళకి మైక్ ఇవ్వండి చాలు, కాస్త తడబడినా వాళ్ళే చెప్తారు. హవల్దార్ అంటే పిల్లలకి తెలీకపోతే అప్పుడు తెలుస్తుంది. మీ ఇంట్లో కూడా కాంపౌండరో, లైన్‌మనో, టీచరో అయిన తాతయ్య ఉండే ఉంటారు, ఆయన్ని కూడా ఎవరో డాక్టర్‌ని చేసేలోపు మీరే మాట్లాడండి.

1971 యుద్ధానికి తాతయ్యకిచ్చిన సంగ్రామ్ మెడల్ ఇప్పుడు నా దగ్గరుంది. అంచు మీద సన్నటి అక్షరాల్లో నంబరు, పేరు, పక్కన ర్యాంకు నాయక్ అని ఉంది, అప్పటికింకా హవల్దార్ కూడా కాలేదు మరి. ఆ అంచు ఫోటో తీసి కమిటీకి పంపా. దీపావళికి స్లైడ్ సరిచేసి మళ్ళీ వేస్తామన్నారు. ఐదు నిమిషాల సంగతి అడిగా, ఇంకా జవాబు రాలేదు.