తొక్క నల్లబడితే పండు చెడినట్టు కాదు

"అరటిపండ్లు 15 రోజులు నల్లబడకుండా ఉండే రహస్యం" అని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుపతిలో గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. అందులో చెప్పింది ఇదీ: తొడిమకు ప్లాస్టిక్ కవరు గట్టిగా చుడితే పండ్లు 15 రోజులు చెక్కుచెదరవు. ఫ్రిజ్‌లో పెడితే విషమైపోతాయి, అందుకే నల్లబడతాయి. తొడిమ పచ్చగా, పండు పసుప్పచ్చగా ఉంటే అది కార్బైడ్ పండే, కొనొద్దు. నల్ల మచ్చలు వస్తే లోపల కుళ్ళు మొదలైనట్టే, పారేయండి. కోసిన ముక్కల్ని ఉప్పునీళ్ళలో ముంచితే రోజంతా తెల్లగా ఉంటాయి. చివర "పదిమందికీ పంపండి" అని ఒక దణ్ణం బొమ్మ.

మాది పండ్ల అంగడి. తాత గెలలు మాగబెట్టే మండీ నడిపినాడు, నాయన అంగడి పెట్టినాడు, ఇప్పుడు నేనూ మా ఆయనా చూసుకుంటున్నాం. ఈ మెసేజ్ మొదలైనప్పటినుంచి మంచి పండ్లు చెత్తకుప్పలోకి పోవడం చూస్తున్నాను. కడుపు తరుక్కుపోతోంది, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను. రాసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళు చేసిన తప్పు మొత్తానికీ ఒక్కటే. తొక్కను చూసి పండు సంగతి తేల్చేస్తున్నారు. అరటిలో తొక్క కథ వేరు, లోపలి గుజ్జు కథ వేరు.

వరుస మార్చి, ఫ్రిజ్ మాటతో మొదలుపెడతాను. ఎక్కువ పండ్లు పోయేది దానివల్లే.

మొన్న శనివారం పొద్దున్నే ఒక అవ్వ వచ్చి సంచిలోంచి ఆరు పండ్లు తీసి బల్లమీద పెట్టింది. గురువారం మా దగ్గర కొన్నవే. తొక్క బొగ్గులా ఉంది.

"ఏమ్మా, రెండు దినాలకే ఇట్లా అయిపోయినాయి. తాంబూలాలకని తీసుకుంటిని గదా."

"ఫ్రిజ్‌లో పెట్టినారా అవ్వా?"

"రెండు రాత్రులు పెడితిని. మా మనవడు ఫోను చూపించి, విషమైపోయింది, ముట్టుకోవద్దు అన్నాడు."

ఒక పండు తీసి ఆమె కళ్ళముందే ఒలిచాను. తొక్క అంత నల్లగా ఉన్నా లోపల గుజ్జు గట్టిగా, మీగడ రంగులో, ఒక్క మచ్చ లేకుండా ఉంది. సగం విరిచి నేను తిన్నాను, సగం ఆమెకిచ్చాను. నమిలి, "బాగానే ఉండాదే" అని మిగతా అయిదూ మళ్ళీ సంచిలో వేసుకుంది.

అరటి వేడిదేశపు మొక్క. 13 డిగ్రీల కంటే కిందికి దిగితే ఆ చలిని తొక్క ఓర్చుకోలేదు. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలికి తొక్కలోని కణాల పొరలు దెబ్బతింటాయి. అంతవరకూ విడివిడిగా ఉన్న ఫినాల్ పదార్థాలూ, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమూ ఒకచోట కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై నల్లటి రంగు పుడుతుంది. వంకాయ కోసి పక్కన పెడితే నల్లబడేదీ ఇలాగే. వంకాయ విషమైపోయిందని ఎవరూ అనరు కదా. అదే చలి లోపల గుజ్జు మాగడాన్ని మాత్రం బాగా నెమ్మది చేస్తుంది. కాబట్టి బాగా మాగిన పండును ఫ్రిజ్‌లో పెడితే తొక్క పోతుంది, పండు ఇంకొన్ని రోజులు నిలుస్తుంది.

పచ్చికాయనో దోరపండునో పెడితే మాత్రం నష్టమే. చలికి మాగే గుణం దెబ్బతిని, తర్వాత బయట ఎన్నాళ్ళు ఉంచినా రుచి రాదు. పచ్చి అరటిని దూరదేశాలకు పంపేవాళ్ళు 13, 14 డిగ్రీల దగ్గర ఉంచేది అందుకే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటికాయలతో ప్రత్యేక రైలు బయలుదేరింది గుర్తుందా? అందులో కాయలు పోయింది శీతల కంటైనర్లలోనే. ఆ కంటైనరుకూ మన వంటింటి ఫ్రిజ్‌కూ తేడా ఆ పది డిగ్రీలే. ఇక తాంబూలానికీ నైవేద్యానికీ నల్ల తొక్క బాగుండదన్న మాట నిజమే, దాన్ని నేను కాదనను. వాటికి ఆ పొద్దున కొనుక్కోవడమే మేలు.

ఇప్పుడు కార్బైడ్. ఈ మాటలో భయం న్యాయమైనదే, గుర్తు మాత్రం పూర్తిగా తప్పు.

కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనే ఆ మాట ఉంది. కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలిన్ వాయువు వస్తుంది, దానితో పండు రంగు తిరుగుతుంది. కానీ ఆ పొడిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. వాడేవాళ్ళను పట్టుకోవలసిందే, నేనూ అదే అంటాను. దానికి బదులు ఎథిలీన్ వాయువు వాడుకోవచ్చని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో అనుమతించింది, గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండా. ఎథిలీన్ బయటినుంచి తెచ్చిన వింత మందు కాదు. మాగేటప్పుడు అరటిపండు తనంతట తాను విడిచే వాయువే అది.

మా తాత మండీలో మట్టిగోడల గది ఒకటి ఉండేది. గెలలు పేర్చి, మూల కుండలో పిడకలూ వరిపొట్టూ రాజేసి, తలుపు సందులు పేడతో మెత్తేవాడు. పొగలో కాస్త ఎథిలీన్ ఉంటుందని ఆయనకు తెలియదు, పొగ పెడితే మాగుతాయని తెలుసు. ఇప్పుడు పొగ గది పోయి చల్లగది వచ్చింది. 16 నుంచి 18 డిగ్రీల మధ్య క్రేట్లు పేర్చి, సుమారు ఒక రోజు ఎథిలీన్ పట్టించి, గాలి మారుస్తూ నాలుగైదు రోజులు ఉంచుతారు. ఆ గదిలో నిలబడి చూస్తే రంగు ఎలా వస్తుందో తెలుస్తుంది. ముందు కాయ నడుమ భాగం లేత పసుపుకు తిరుగుతుంది. తొడిమ దగ్గరా కొన దగ్గరా పచ్చదనం అన్నిటికంటే ఆఖరున పోతుంది. వ్యాపారంలో వాడే రంగుల చార్టులో ఏడు దశలుంటాయి. ఒళ్ళంతా పసుపు, కొసలు మాత్రం పచ్చ అన్నది అయిదో దశ. మొత్తం పసుపు ఆరు, చుక్కలొస్తే ఏడు.

అంటే తొడిమ పచ్చగా ఉన్న పసుపు పండు అయిదో దశలో ఉందన్న మాట. ఇంటికి తీసుకెళ్ళాక అన్నిటికంటే ఎక్కువ రోజులు నిలిచేది అదే. మేము మా ఇంటికి ఏరుకునేదీ అదే. పండ్లు నిల్వ ఉండే రహస్యం చెప్తామని మొదలుపెట్టిన మెసేజ్, ఎక్కువ నిలిచే పండునే కొనొద్దంటోంది.

రంగు చూసి కార్బైడ్ కనిపెట్టడం ఎవరివల్లా కాదు. పైన పసుపు నిగనిగలాడుతూ లోపల గట్టిగా, చప్పగా ఉంటే తొందరపెట్టి మాగబెట్టారని అనుమానించవచ్చు. బుట్టలో బూడిదరంగు పొడి పొట్లాలు కనబడితే ఆహార భద్రతా అధికారికి చెప్పండి. ఎథిలీన్ విడిచే ఎథెఫాన్ అనే మందు కలిపిన నీళ్ళలో పండ్లు ముంచుతుండగా చూసినా అంతే, పండును దానిలో నేరుగా ముంచడానికి అనుమతి లేదు. ఏ గదిలో మాగబెట్టారని అంగడివాళ్ళను అడగండి. అడిగితే ఏమీ అనుకోం.

తొడిమకు ప్లాస్టిక్ చుట్టే సంగతి నేనే చేసి చూశాను. పోయిన మే నెలలో, ఒకే అత్తంలో పన్నెండు పండ్లు, కత్తితో రెండుగా కోశాను. ఆరింటికి తొడిమ చుట్టూ ప్లాస్టిక్ పొర బిగించాను, ఆరింటిని ఊరికే వదిలాను. ఒకే అలమరలో పక్కపక్కనే పెట్టాను. నాలుగో రోజుకు రెండింటికీ చుక్కలు. అయిదో రోజు ప్లాస్టిక్ విప్పితే లోపల చెమ్మ పట్టి, కోసిన చోట తెల్లగా బూజు. ఎథిలీన్ తొడిమ నుంచే వస్తుందని మెసేజ్ రాసినవాళ్ళు అనుకున్నట్టున్నారు. అది పండంతటి నుంచీ వస్తుంది. తొడిమ ఒక్కటే బిగిస్తే ఆగదు. మన ఊళ్ళో మే నెల ఎండ 40 దాటుతుంటే, మాగిన పండు బయట 15 రోజులు ఉండడం ఏ చుట్టుడుతోనూ జరగదు.

ఒక్కటి మాత్రం తొడిమ దగ్గర జాగ్రత్తపడాల్సిందే. పండ్లు లాగి తెంపితే మెడ దగ్గర తొక్క చిరుగుతుంది. గాయమైన పండు ఎథిలీన్ ఎక్కువ విడుస్తుంది, త్వరగా మాగుతుంది, ఈగలకూ దారి. కత్తితో కోయండి.

నల్ల మచ్చల మాటకొస్తే, ఇక్కడ రెండు మెసేజ్‌లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతున్నాయి. ఇది పారేయమంటోంది. ఇంకొకటి, జపాన్ శాస్త్రవేత్తల పేరు చెప్పి, మచ్చల పండులో టీఎన్ఎఫ్ ఉంటుంది, కేన్సర్ తగ్గుతుంది అంటోంది. రెండూ నమ్మొద్దు. టీఎన్ఎఫ్ మన ఒంట్లోని రోగనిరోధక కణాలు తయారుచేసుకునే ప్రొటీన్, అరటిపండులో ఉండేది కాదు. కేన్సర్ ఉన్నవాళ్ళ ఇంట్లో ఈ మెసేజ్ ఎంత ఆశ పెడుతుందో తలుచుకుంటే బాధేస్తుంది. ఇక మచ్చ అంటారా, అది తొక్క ముసలితనం. పచ్చికాయ గుజ్జులో బరువులో అయిదో వంతు దాకా పిండిపదార్థమే, మాగేసరికి అది దాదాపు అంతా చక్కెరగా మారిపోతుంది. మచ్చలొచ్చేసరికి పండు తియ్యదనం నిండుగా ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళు ఆ లెక్క చూసుకోవాలి, మిగతావాళ్ళకు అది మంచి పండు.

నిజంగా చెడితే గుర్తులు వేరే. తొడిమ దగ్గర బూజు. గుంటపడిన నల్ల మచ్చ, దానిమీద నారింజ ఛాయలో జిగట. పులిసిన సారా వాసన. గుజ్జు నీరుకారి గోధుమరంగుకు తిరగడం. ఇవి కనబడితే పారేయండి, నేనూ పారేస్తాను.

తొక్క ఎంత మోసం చేస్తుందో ఎండాకాలం మా అంగడిలో రోజూ చూస్తాం. వేడి మరీ ఎక్కువైతే జీ9 (గ్రాండ్ నైన్) లాంటి అరటి రకాల్లో తొక్కలోని పచ్చదనం విరగదు, లోపల గుజ్జు మాత్రం మెత్తబడిపోతుంది. చూస్తే కాయ, నొక్కితే పండు. ఈ మెసేజ్‌లా తొక్కను చూసి తేలిస్తే అది ఇంకా పదిరోజులు ఉండే సరుకు. మర్నాటికే పనికిరాకుండా పోతుంది.

ఉప్పునీళ్ళ చిట్కా మన వంటింటినుంచే పోయినట్టుంది. వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో, అరటికాయ ముక్కలు మజ్జిగనీళ్ళలో వేస్తాం, పనిచేస్తుంది. కానీ అవి కూరకు పోయేవి. మాగిన పండు ముక్కల్ని ఉప్పునీళ్ళలో ముంచితే రుచి పోతుంది, రోజంతా తెల్లగానూ ఉండవు. నిమ్మరసం రెండు చుక్కలు కలిపితే దాని పులుపు ఎంజైమును అణచి కొన్ని గంటలు ఆపుతుంది. పిల్లల టిఫిన్ డబ్బాకు అది చాలు. అసలు నలుపంటే ఇంత బెంగ ఎందుకని నాకనిపిస్తుంది. పళని పంచామృతం చూడండి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ప్రసాదం. అరటిపండు, బెల్లం, నెయ్యి, తేనె కలిసిన ఆ ముద్ద ముదురు గోధుమరంగులోనే ఉంటుంది. మన చిత్తూరు వైపు నుంచి పళని పోయినవాళ్ళు డబ్బాలు డబ్బాలు తెచ్చి ఇంటింటికీ పంచుతారు. అది నిలిచేది బెల్లం, తేనెల తీపి నీటిని పట్టి ఉంచడంవల్ల. రంగును ఎవరూ పట్టించుకోరు.

మెసేజ్ ముట్టుకోని సంగతి ఒకటుంది. మామిడి కాలంలో చిత్తూరు జిల్లాలో ఏ ఇంట చూసినా గడ్డిలో కాయలు మాగుతుంటాయి. ఆ గంప పక్కనే అరటిపండ్లు పెడతారు. మామిడి విడిచే ఎథిలీన్ అరటికీ, అరటిది మామిడికీ తగిలి రెండూ ఒక్కసారే మాగిపోతాయి. వేరే గదిలో పెడితే చాలు, ప్లాస్టిక్ చుట్టడంకంటే ఎక్కువ ఫలితం. పొయ్యికి దూరంగా, ఎండ పడని మూల, ముడివేసిన కవరులో కాకుండా గాలాడేలా ఉంచండి. కొక్కేనికి వేలాడదీస్తే కింద నలిగిన మచ్చలు రావు, అంతవరకే దాని ఉపయోగం. మరీ మిగిలిపోతే ఒలిచి, ముక్కలు చేసి, డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి, మిల్క్‌షేక్‌కు బాగుంటాయి. తొక్కతో పెడితే తర్వాత ఒలవడం కష్టం.

ఇక కొనేటప్పుడు డజను మొత్తం ఒకే రంగులో ఏరకండి. "ఈ పూటకు రెండు, రేపటికి రెండు, ఎల్లుండికి నాలుగు" అని చెప్పండి. మచ్చలవి రెండు, నిండు పసుపువి రెండు, కొసలు పచ్చగా ఉన్నవి నాలుగు మేమే ఏరి ఇస్తాం. ఆ అవ్వ ఇప్పుడు అట్లాగే అడిగి తీసుకుపోతోంది.